గేటు కంప్యూటర్ మూగబోయిన సీజను

ఆదిలాబాద్‌లో పత్తి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లుకు కొత్త ప్రోగ్రాం రాసిన ఏడాది ఇద్దరు మనుషుల పని పోవడానికి నేను కారణమయ్యాను. ఒకాయన నాకు పని నేర్పినవాడు. ఇంకొకామె నాకు ఏ కీడూ చేయని మనిషి. ఈ సంగతి ఎవరికైనా చెప్పినప్పుడల్లా నాకు గిట్టని ముక్కలు కొన్ని వదిలేసి చెప్పాను. ఇక్కడ వదలను.

కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణం పై అంతస్తులో మా ఆఫీసు. యజమానితో కలిపి ఆరుగురం. మిల్లులకు, గోదాములకు, విత్తనాల దుకాణాలకు కావలసిన ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్లం. నేను డిగ్రీ ముగించి చేరినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది మాలో అందరికన్నా పెద్దాయన. మందమర్రి మనిషి, బొగ్గుబాయిలో పనిచేసిన కార్మికుడి కొడుకు. యాభైకి దగ్గర పడుతున్నాడు. నేను చేసిన తప్పును ఎవరికీ తెలియనివ్వకుండా తనే సరిచేసి, అందరూ భోజనానికి లేచాక పిలిచి చూపించేవాడు. మొదట్లో ఆయన్ని సార్ అనేదాన్ని. మూడో ఏడు వచ్చేసరికి అన్నా అన్నాను. ఆ తర్వాత ఆయన పక్కన లేనప్పుడు ముసలాయన అన్నాను.

ఆ మిల్లు గేటు దగ్గర నడుస్తున్న పాత ప్రోగ్రాం ఆయన రాసిందే. పత్తి బండి గేటులోకి రాగానే దాని నంబరు, రైతు పేరు, ఊరు కొట్టి టోకెన్ ఇచ్చేది. చూడ్డానికి బోడిగా ఉండేది కానీ ఒక్కరోజు కూడా ఆగలేదు. అయితే అది గేటు దగ్గరున్న లినక్స్ కంప్యూటర్ మీద తప్ప ఇంకెక్కడా నడవదు. బండ్లు తూచే కాంటా దగ్గర విండోస్ ఉంది. మిల్లు యజమాని సేటు చేతిలో మ్యాక్ ల్యాప్‌టాప్ ఉంది.

"సేటుకు ఒక్కటే ప్రోగ్రాం కావాల్నట," అన్నాడు మా యజమాని. "గేటు కాడ, కాంటా కాడ, ఆయన ల్యాప్‌టాప్ల, మూడు చోట్ల నడవాలె. జర సూడనీకి మంచిగుండాలె. ఏ టూల్‌కిట్ తీసుకుంటరో ఇద్దరు ఆలోచించి వారం దినాలల్ల చెప్పుండ్రి."

టూల్‌కిట్ అంటే మేము ప్రతిదీ మొదటినుంచి గీసుకోకుండా, బటన్లూ రాసే డబ్బాలూ జాబితాలూ తయారుగా ఇచ్చే సామగ్రి. ఇంటికి తలుపులూ కిటికీలూ మనమే చెక్కుకోకుండా తెచ్చి బిగించుకున్నట్టు. మూడు రకాల కంప్యూటర్ల మీద నడిచేవి చాలానే ఉన్నాయి. మేమిద్దరం చెరొకటి పట్టుకున్నాం.

ఆయన ఎంచుకున్నది ఏ కంప్యూటర్ మీద నడిస్తే ఆ కంప్యూటర్ సొంత బటన్లనే, సొంత డబ్బాలనే వాడుకుంటుంది. అందుకే మూడు చోట్ల మూడు రకాలుగా కనబడుతుంది. ఒక చోట సరిగ్గా ఒదిగిన మాట ఇంకో చోట అంచు దాటుతుంది. పని ఎక్కువ, అందం తక్కువ. నేను ఎంచుకున్నది కంప్యూటర్ దగ్గర ఏదీ అడగదు. ఖాళీ కాగితం మీద బొమ్మ వేసినట్టు అన్నీ తనే గీసుకుంటుంది. మూడు చోట్లా ఒక్కటే రూపు. రంగులు, నునుపైన అంచులు, వేలు పెడితే కదిలే జాబితాలు. మూడు రోజుల్లో నమూనా తయారుచేశాను.

మీటింగ్ యజమాని గదిలో జరిగింది. గోడ మీది టీవీలో రెండు నమూనాలూ పక్కపక్కన పెట్టి చూపించే బాధ్యత నేనే తీసుకున్నాను. నాదాన్ని సేటు ల్యాప్‌టాప్ లాంటి మంచి తెర మీద తీసిన ఫోటోలతో పెట్టాను. ఆయనదాన్ని మా ఆఫీసులో అన్నిటికన్నా పాత మానిటర్ మీద తీసి పెట్టాను. అక్షరాలు పలచబడి, బటన్లు బూడిద రంగులో ఉన్నాయి. ఎవరూ దాని గురించి నన్ను అడగలేదు. ఆయన గమనించాడు. ఒకసారి నా వైపు చూసి మళ్లీ టీవీ వైపు తిరిగాడు.

"సూడనీకి నీదే బాగుంది," అన్నాడు. "గని గేటు కాడ ఆమె ఎట్ల వాడుతది?"

గేటు దగ్గర టోకెన్లు ఇచ్చే ఆమెకు కళ్లు కనబడవు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. తెర మీదున్నది చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి ఆమె కంప్యూటర్‌లో ఉంటుంది. చెవిలో పెట్టుకుని విని పనిచేస్తుంది.

"తెర మీదిది చదివి చెప్తెనే ఆమెకు పని నడుస్తది," అన్నాడాయన మళ్లీ. "నీది అన్ని బొమ్మలు గీస్తుంది గద. గని... బొమ్మను అది ఎట్ల చదువుతది?"

నేను ఆ సంగతి చూడనేలేదు. చూడలేదని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

"ఒక్క గుడ్డామె కోసం మిల్లు మొత్తం కండ్లు మూసుకోవాల్నా అన్నా?" అన్నాను.

అందరూ నవ్వారు. యజమాని కూడా నవ్వాడు. పెద్దాయన చేతిలోని పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఆమె సంగతి తర్వాత సూద్దాం. ఇగ ఇదే ఖాయం," అన్నాడు యజమాని.

అంతటితో ఆగినా బాగుండేది. పెద్దాయన మాటల మధ్యలో "గని... గని..." అని సాగదీసే అలవాటును మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల దగ్గర అనుకరించి చూపించాను. ఆయన చేతులు కడుక్కుని వస్తూ తలుపు దగ్గర నిలబడి విన్నాడు. నెల తిరిగాక, ఆయనకు ఓపిక ఎక్కువ కాబట్టి ఫిర్యాదుల ఫోన్లు ఆయనకిస్తే బాగుంటుందని యజమానికి సలహా ఇచ్చింది నేనే. పాతికేళ్లు ప్రోగ్రాములు రాసిన మనిషి పొద్దంతా "మీ ప్రింటర్ స్విచ్ వేసుందా" అని అడుగుతూ కూర్చున్నాడు. రెండు నెలలకు మానేసి వెళ్లిపోయాడు. వీడ్కోలు లాంటిదేమీ జరగలేదు. ఆయన కుర్చీ కిటికీ పక్కన ఉండేది, గాలి బాగా వచ్చేది. మర్నాడే నేను అందులోకి మారాను.

పత్తి రావడం మొదలయ్యే ముందు ప్రోగ్రాం ఎక్కించడానికి ఆదిలాబాద్ వెళ్లాను. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి దిగాను. మిల్లు గేటు పక్కన చిన్న గది, దానికి రోడ్డు వైపు ఒక కిటికీ. ఆమె ఆ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి. జైనూర్ వైపు ఊరు. నాలుగో ఏట తట్టు వచ్చి చూపు పోయిందట. పట్నంలో అంధుల బడిలో చదువుకుని, కంప్యూటర్ నేర్చుకుని వచ్చింది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రెండో చెవి రైతుల కోసం ఖాళీగా ఉంచుకునేది. ముందు ఒక మైకు ఉండేది. టోకెన్ వంతు రాగానే ముందుకు రమ్మని తెలుగులో పిలిచేది, వెంటనే మరాఠీలో "పుఢే యా" అనేది, కొండలమీది వాళ్లకు గోండీలో చెప్పేది. యార్డు నాలుగు మూలలా ఉన్న హారన్ స్పీకర్లలో ఆ గొంతు వినబడేది. రైతులు ఆమెను మైకక్క అని పిలిచేవాళ్లు.

నేను అక్కడుండగానే ఒక రైతు కిటికీ దగ్గరికొచ్చి మర్నాడు తేబోయే బండి నంబరు చెప్పాడు. పేరు ఇంకా చెప్పకముందే ఆమె, "పోయిన్సారి ఎద్దుకు కాలు నొస్తుందంటివి, తక్కువైందా?" అంది. ఏడాది కిందటి గొంతును గుర్తుపట్టింది.

పాతది తీసేసి కొత్తది ఎక్కించాను. ఆమె చేతులు కీబోర్డ్ మీద పెట్టింది. ఇయర్‌ఫోన్ తీసి నాకూ వినబడేలా పెట్టింది. మరబొమ్మ గొంతు "విండో" అంది. ఆమె ట్యాబ్ మీట నొక్కింది. ఏమీ లేదు. మళ్లీ నొక్కింది. ఏమీ లేదు. తెర మీద వేరే ప్రోగ్రాంకు మారి మళ్లీ దీనిలోకి వచ్చింది. "విండో" అంది ఆ గొంతు.

"మేడం, ఇది ఏం మాట్లాడుతలేదు."

"రెండు నిమిషాలక్కా," అన్నాను.

పది నిమిషాల్లోనే నాకు అర్థమైంది. ఆ టూల్‌కిట్ తయారుచేసినవాళ్లే, లినక్స్ మీద చదివి వినిపించే ఏర్పాటు ఇంకా రాలేదని, ఎప్పుడొస్తుందో చెప్పలేమని తమ పేజీలో రాసి పెట్టారు. మీటింగ్‌కు ముందు ఆ పేజీ తెరిచి ఉంటే కనబడేది. యజమానికి ఫోన్ చేశాను. "రేపు మొదటి బండ్లొస్తయి. ఎట్లనన్న నడిపియ్యి," అన్నాడు.

"చిన్న లోపముందక్కా. వారంల మంచిగ చేసి పంపుత," అని ఆమెకు చెప్పాను. వారంలో కాదని, ఆ సీజనులోనే కాదని నాకు తెలుసు.

ఆమె కొంచెం సేపు ఆలోచించింది. "అయితే తెర ఎట్లున్నదో చెప్పుండ్రి. ఎన్ని డబ్బలున్నయి, దేని ఎనుక ఏదున్నది?"

చెప్పాను. మొదట బండి నంబరు. ట్యాబ్ కొడితే రైతు పేరు. మళ్లీ కొడితే ఊరు. మళ్లీ కొడితే బండి రకం, చిన్న బండికి ఒకటి, లారీకి రెండు. తర్వాత ప్రింట్ మీట. ఆమె ఒక్కసారే విన్నది. ఉత్తుత్తి పేర్లతో పది టోకెన్లు కొట్టింది. నేను ఒక్కొక్కటి చదివి చూశాను. పదీ సరిగ్గా ఉన్నాయి.

"నాకు తెరెందుకు మేడం," అని నవ్వింది. "మీరు సూసుకోనీకి పెట్టుకోండ్రి."

అలా ఇరవై రోజులు నడిపింది. ఏదీ వినబడకుండా, ఎక్కడ ఉన్నానన్నది వేళ్లతోనే గుర్తుపెట్టుకుని, రోజంతా బండ్లు వస్తూనే ఉంటే. ఎవరైనా మధ్యలో మాట్లాడిస్తే చేయి ఎత్తి ఆపి, డబ్బా పూర్తిచేసి, అప్పుడు జవాబు చెప్పేదట. అది ఎంత కష్టమో నేను ఆలోచించలేదు. కరీంనగర్‌లో అందరి ముందూ, "చూసిండ్రా సార్, ఆమెకు చదివి చెప్పుడు అవసరమే లేదు. అలవాటైపోయింది," అన్నాను. నేనే గెలిచాననిపించింది.

ఇరవై ఒకటో రోజు మిల్లు మేనేజర్ ఫోన్ చేశాడు. రైతుల ఫోన్ నంబర్లు కూడా రాసుకోవాలి, ఒక డబ్బా పెంచమన్నాడు. గంట పని. పేరుకూ ఊరుకూ మధ్యలో పెట్టాను. పేరు పక్కనే ఫోన్ నంబరు ఉంటే తెర మీద వరస బాగుంటుందనిపించింది. కరీంనగర్ నుంచే నెట్‌లో పంపించాను. మేనేజర్‌కు చెప్పాను. కాంటా దగ్గరివాళ్లకు చెప్పాను.

ఆమెకు చెప్పలేదు. మరిచిపోయానని చాలామందితో అన్నాను, అది అబద్ధం. ఫోన్‌లో ఆమె నంబరు తీశాను కూడా. ఏది ఎక్కడికి జరిగిందో వివరించాలంటే అరగంట పడుతుందనిపించింది. మేనేజరే చెప్తాడులే అనుకున్నాను. నాకు ఆకలిగా ఉంది. ఫోన్ బల్ల మీద పెట్టి అన్నం తినడానికి లేచాను.

మర్నాడు పొద్దున నుంచి ఆమె తన లెక్క ప్రకారమే కొట్టుకుంటూ పోయింది. ఫోన్ నంబరు డబ్బా అంకెలు తప్ప ఏదీ తీసుకోదు కాబట్టి ఆమె కొట్టిన ఊరి పేరు అందులో పడి మాయమైంది. బండి రకం కోసం ఆమె కొట్టిన ఒకట్లూ రెండ్లూ ఊరు డబ్బాలో పడ్డాయి. బండి రకం ఖాళీగా మిగిలింది. ఖాళీగా ఉంటే లారీ అనుకోమని ప్రోగ్రాంలో రాసింది నేనే. ఆటోల మీద, చిన్న ట్రాలీల మీద, ఎడ్లబండ్ల మీద వచ్చినవాళ్లంతా లారీల వరసలో చేరారు. చిన్న కాంటా దగ్గర జాబితా ఖాళీ. పెద్ద కాంటా దగ్గరికి చిన్న బండి పోతే, "ఇది లారీలది, ఎనుకకు పో" అని తోసేశారు. వ్యాపారుల లారీలు ఒకదాని వెనక ఒకటి తూగి వెళ్లిపోయాయి. మబ్బు పట్టి ఉంది. చిన్న రైతులు పత్తి తడుస్తుందేమోనని ఆకాశం వైపు చూస్తూ పొద్దంతా నిలబడ్డారు.

మిల్లు నుంచి ఫోన్ రాగానే యజమాని నన్ను కారులో పంపాడు. నేను దిగేసరికి మూడు దాటింది. గేటు గది చుట్టూ జనం. జైనూర్ కొండల వైపు నుంచి వచ్చిన ఒక ముసలి రైతు కిటికీ ఊచలు పట్టుకుని అరుస్తున్నాడు.

"తెల్లారకముందు ఎక్కినం. నీ ముంగటనే ఉన్న గదనే! మా దిక్కుపిల్లవని నమ్మితిమి. లారీలోళ్ల కాడ ఏం తిన్నవే?"

ఆమె రెండు చేతులూ కీబోర్డ్ మీదే ఉన్నాయి.

మేనేజర్ జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చాడు. మైకు ఆన్‌లోనే ఉంది. అతనికి తెలియలేదో, తెలిసే వదిలేశాడో చెప్పలేను.

"కాయ్ ఝాలా! ఏం జేసినవిది?" అని మరాఠీ, తెలుగు కలిపి అరిచాడు. యార్డు నాలుగు మూలలా అదే అరుపు. "కండ్లు లేనిదాన్ని గీడ కూసోవెట్టుడు నాదే తప్పు! పుణ్యానికి పోతె గిట్లయింది! లే, లే ఆడికెల్లి!"

ఆమె ముఖం మీద హారన్ల నుంచి తిరిగొస్తున్న ఆ మాటలు పడుతున్నట్టు కనబడింది. చేయి చాస్తే మైకు మీట అందుతుంది. కట్టేయలేదు. నా అడుగుల చప్పుడో, మరేదో గుర్తుపట్టి నా వైపు తిరిగింది.

"మేడం వచ్చిండ్రా?" అంది. గొంతు మామూలుగానే ఉంది. "మేడం, నిన్న మొన్నల తెరల ఏమన్న డబ్బ పెరిగిందా?"

మేనేజర్ నన్ను చూశాడు. డబ్బా అడిగింది అతనే. పెట్టింది నేనే. ఇద్దరికీ తెలుసు. అవునక్కా, నాదే తప్పు అంటే అక్కడితో ఆ గొడవ ఆమె మీద నుంచి తొలగిపోయేది. నా మీదికి వచ్చేది. జనం ఎంత కోపంగా ఉన్నారో చూశాను. యజమాని ముఖం గుర్తొచ్చింది. ఆ మీటింగ్ గుర్తొచ్చింది.

"లేదక్కా," అన్నాను. "ఏం మారలే."

ఆ మాట కూడా మైకులో పడింది. యార్డంతా విన్నది.

ఆమె ఇయర్‌ఫోన్ తీసి, దాని తీగను వేళ్ల చుట్టూ మెల్లగా చుట్టి, బల్ల మీద పెట్టింది. లేచి గోడ పట్టుకుంటూ బయటికి నడిచింది. దారి ఇవ్వడానికి ఎవరూ తొందరపడలేదు.

ఆ సాయంత్రం ప్రోగ్రాం సరిచేసి, యజమానికి పంపిన రిపోర్టులో "ఆపరేటర్ పొరపాటు" అని రాశాను. ఆమెను పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్ల దగ్గరికి మార్చారు. "ఏరనీకి కండ్లెందుకు, చేతులు చాలు," అన్నాడట మేనేజర్. నాలుగు రోజులు చేసి మానేసింది. గేటు గదిలో మేనేజర్ బామ్మర్ది కూర్చున్నాడు. అతనికి మరాఠీ రాదు, గోండీ అసలే రాదు. పిలిచింది అర్థంకాక కొండలవాళ్లు వంతులు పోగొట్టుకునేవాళ్లు. అయినా తెర చాలా అందంగా ఉందని అతను మెచ్చుకున్నాడు. సేటు ఇంకో రెండు మిల్లులకు మా పేరు చెప్పాడు. యజమాని నాకు కొత్త కంప్యూటర్ కొనిచ్చాడు.

నేను సుఖంగానే ఉన్నాను. దాచిపెట్టను. నిద్ర పట్టకపోవడం లాంటిదేమీ జరగలేదు.

రెండు నెలల తర్వాత వేరే చిన్న లోపం వెతుకుతూ ఆ రోజు నమోదైనవన్నీ తెరిచాను. వరసలు వరసలుగా బండ్లు. ఆమె ఏ మీట నొక్కిందో, ఏ అక్షరం తర్వాత ఏ అక్షరం కొట్టిందో అన్నీ ఉన్నాయి. ఊరు జైనూర్ అని ఉంది, బండి రకం ఒకటి అని ఉంది. బేల అని ఉంది, రెండు అని ఉంది. పొద్దున ఏడు నుంచి మూడు దాకా ఒక్క అక్షరం తప్పు పోలేదు. కిటికీ బయట జనం తిడుతున్న గంటలో కొట్టినవి కూడా తప్పు పోలేదు. మొత్తం చదివాను. అప్పుడు మాత్రం మళ్లీ మొదటి బండి నుంచి చదవడం మొదలుపెట్టాను.

ఆ ఆదివారం మందమర్రి వెళ్లాను. పెద్దాయన కార్మికుల కాలనీలో ఒక ఇంటి ముందు గదిలో కంప్యూటర్ క్లాసులు చెప్తున్నాడు. ఎనిమిది మంది విద్యార్థులు ఉన్నారు. నన్ను చూసి కూర్చోమనలేదు. అందరి ముందే, "చెప్పు," అన్నాడు. నిలబడే చెప్పాను. డబ్బా సంగతి, మైకు సంగతి, నా అబద్ధం, అన్నీ. ఆయన విన్నాడు.

"మీటింగ్ల ఒక మాటంటివి. మళ్లా అను," అన్నాడు.

"అన్నా..."

"పోరగాండ్లు ఇననీ. నేర్సుకుంటరు. అను."

అన్నాను. ఒక్క గుడ్డామె కోసం మిల్లు మొత్తం కండ్లు మూసుకోవాల్నా. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో కూర్చున్న అమ్మాయి తల దించుకుంది.

ఆయన లోపలికి వెళ్లి ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీటింగ్ కంటె ముందే చేసిన. గేటుకు నా సాదా తెర, తతిమ్మ రెండింటికి నువ్వు గీసిన సోకుది. లోపల లెక్క ఒక్కటే. రెండు టూల్‌కిట్లు కలిపి వాడొద్దని ఎవడన్నడు? గేటు కాడిది చదివి చెప్తది, సూసిన."

"మరి ఆ రోజు ఎందుకు చూపెట్టలే?"

"చూపెడుదామనే తెచ్చిన. జేబులనే ఉండె. నువ్వు అందర్ని నవ్వించినవ్. నాకు రోషమొచ్చింది. ఒక్క సీజన్ల నీ సంగతి తెలుస్తదిలే అనుకున్న. ఫోనొస్తదని దినాం ఎదురు చూసిన." నా ముఖంలోకి చూశాడు. "నీ నోటికి, నా రోషానికి నడుమ ఆమె పడ్డది. ఇగ నువ్వు పో. మళ్లా రాకు."

మర్నాడే ఆదిలాబాద్ వెళ్లాను. మేనేజర్ పెన్‌డ్రైవ్ వైపు చూడను కూడా చూడలేదు.

"మా బామ్మర్ది మంచిగ జేస్తుండు మేడం. ఇప్పుడు ఆమెను మళ్ల తెస్తె జనం ఏమంటరు?"

"ఆ రోజు తప్పు ఆమెది కాదు గద. మీకూ తెలుసు, నాకూ తెలుసు."

"ఏం మారలే అని మీరే మైకుల చెప్తిరి," అన్నాడు నవ్వుతూ. "నేను మీ మాటనే నమ్మిన."

ఆమె ఇల్లు అడిగి వెతుక్కుంటూ వెళ్లాను. అక్క ఇంట్లో ఉంటోంది. వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, తడిపిన ఆకు, తంబాకు. వేళ్లు చూస్తుండగానే ఒకటి చుట్టి, చివర మడిచి, దారం కట్టేశాయి. నా గొంతు వినగానే వేళ్లు ఆగాయి. తర్వాత మళ్లీ కదిలాయి.

చెప్పాను. ఈసారి ఏదీ వదలలేదు, అన్నం తినడానికి లేచిన సంగతి కూడా.

"ఆ దినమే ఎరుక," అంది. "నా చేతులు తప్పు చెయ్యలేదని నాకు తెల్వదా?"

"మరి ఎందుకు అనలేదక్కా?"

"ఎవలకనాలె? చేసినోళ్లనే అడిగితి. లేదంటిరి." ఇంకో ఆకు తీసుకుంది. "ఇయ్యాల చెప్పి నీ కడుపు సల్లగ చేసుకుంటివి. మంచిదే. నాకేమొచ్చె చెల్లె?"

మేడం అనడం మానేసిందని అప్పుడు గమనించాను. మా ఆఫీసులో పని చూస్తానన్నాను. కంప్యూటర్ పనే, ఇంటి నుంచి చేయొచ్చన్నాను.

"మీ తాననా? మీరు డబ్బ పెంచుతరు, చెప్పరు."

వాళ్లక్క లోపలి నుంచి తొంగిచూసి మళ్లీ వెళ్లిపోయింది. ఏమైనా చేయగలనా అని అడిగాను.

"ఒక్కటి చెయ్యి," అంది. "తెల్లారి మిల్లుకు పో. బండ్లు మస్తుగున్నప్పుడు మైకు పట్టుకో. గా దినం తప్పు నాది కాదు, నీదని చెప్పు. మా కొండలోళ్లు ఇంటరు. నా మాట లారీలోళ్లకు అమ్ముకున్ననని వాళ్లు ఇప్పటికీ అనుకుంటున్నరు. మా ఊరికి పోతె మా చిన్నాయినె మాట్లాడలే. నీకు రెండు నిమిషాల పని."

"తప్పకుండ చెప్తక్కా," అన్నాను.

"చెప్పు, సూద్దాం."

రాత్రి అక్కడే లాడ్జిలో ఉండి మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మిల్లుకు వెళ్లాను. గేటు బయట రోడ్డు మీద అర కిలోమీటరు బండ్లు ఆగి ఉన్నాయి. గేటు గదిలో బామ్మర్ది నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. మైకు బల్ల మీద, నా మోచేతి పక్కనే ఉంది. చెప్పాల్సిన మాటలు రాత్రే వరసగా అనుకున్నాను. ఎర్ర మీట మీద వేలు పెట్టాను. కిటికీ బయట ఒక ఆడమనిషి టోకెన్ కోసం చేయి చాపి నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకా యాభై మంది. నేను చెప్పబోయేది విన్నాక వాళ్లు నన్ను ఎలా చూస్తారో ఒకసారి ఊహించుకున్నాను.

"ఏమన్న చెక్ చేస్తరా మేడం?" అన్నాడు బామ్మర్ది.

"ఆ, మైకు నడుస్తుందో లేదో చూస్తున్న," అన్నాను.

"మంచిగనే నడుస్తది."

చాయ్ తెప్పించాడు. తాగి, పదిన్నర బస్సుకు కరీంనగర్ వచ్చేశాను.

ఆ తర్వాత నాకు నేనే మూడు సార్లు గడువు పెట్టుకున్నాను. పత్తి అయిపోయింది. మిల్లు గేటు మూసేశారు. ఆమె దగ్గర్నుంచి ఒక్కసారి ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. మళ్లీ రాలేదు. ఇప్పుడు నేను రాసే ప్రతి ప్రోగ్రాంలోనూ చదివి వినిపించడానికి వీలయ్యే సాదా తెరనే పెడుతున్నాను. ఇది ఇంత బోడిగా ఎందుకుందని అడిగేవాళ్లకు టెక్నికల్ కారణాలున్నాయని చెప్తున్నాను. మా యజమాని ఆ మిల్లు ప్రోగ్రాంను ఇంకా అందరికీ చూపిస్తూనే ఉంటాడు. మూడు కంప్యూటర్ల మీదా ఒక్కటే రూపు ఎలా వచ్చిందో చెప్పమని నన్ను పిలుస్తాడు. వెళ్లి చెప్తాను.